బండి లేదన్న మాట

పోయిన వారం సుష్మను నంద్యాల స్టేషను ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆళ్ళగడ్డ నుంచి పొద్దున్నే బస్సెక్కి ఆ పిల్ల ఇంత దూరం ఎందుకు వచ్చిందో, మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్పి ముందుకు పోదాం.

ఆమె నాయన చెన్నకేశవులు, శనగ కోతల రోజుల్లో ఒక సాయంత్రం, కోవెలకుంట్ల అవతల వాగు మీది రైలు వంతెన దాటుతూ రైలు కింద పడి చనిపోయాడు. వాళ్ళ చేను వాగుకు ఆ ఒడ్డున ఉంది, బస్సు ఆగేది ఈ ఒడ్డున. రోడ్డు పట్టుకుని వస్తే పెద్ద చుట్టు. అందుకని ఆ చుట్టుపక్కల రైతులంతా వంతెన మీదే నడుస్తారు. ఆ లైను మీద తిరిగే బండ్లు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, వాటి వేళలు అందరికీ కంఠతా వచ్చు. అంత తెలిసిన మనిషి రైలుకు ఎదురు నడిచాడంటే కావాలనే నడిచి ఉంటాడని ఊరు తేల్చేసింది. ఎందుకు నడిచాడో కూడా ఊరే చెప్పింది. ఆ పొద్దున ఇంట్లో మొగుడూ పెళ్ళాం గొడవపడ్డారు. "పట్టాల మీదనే పండుకో పో!" అని ప్రమీలమ్మ అరిచిన అరుపు వీధి చివరి దాకా వినబడింది. వీధికి ఆ ఒక్క అరుపు చాలు. పెళ్ళాం నోటికి తట్టుకోలేక చచ్చాడన్నారు. బయటివాళ్ళు అంటే అన్నారు, కన్నకొడుకు సురేష్ కూడా దినాలప్పుడు చుట్టాలందరి ముందూ అదే మాట అన్నాడు. ప్రమీలమ్మ కాదనలేదు. అన్నం మానేసింది, మాట మానేసింది, గోడవైపు తిరిగి పడుకుంది.

సుష్మ దగ్గర మాత్రం ఇంకో మాట ఉంది. ఆ మధ్యాహ్నం నాయన చేని నుంచి ఫోన్ చేసి, "ఈ పొద్దు బండి లేదంట పాపా. వంతెన మీద నుంచే వచ్చేస్తా" అన్నాడు. లేదంట! అంటే ఎవరో చెప్పారు. ఆమె ఒక్కదాని మాట ఊరు నమ్మదు. ఆ చెప్పినవాళ్ళు దొరికితే నాయన చావడానికి నడవలేదని రుజువవుతుంది, అమ్మ నోట్లోకి నాలుగు మెతుకులు పోతాయి. స్టేషనులో విచారిస్తే ఆ సాయంత్రం బండి నిజంగానే రద్దయిందని తేలింది. మరి నాయన మీదుగా పోయింది ఏమిటి? "రైళ్ళ పిచ్చోళ్ళుండారు, ఆదివారం పూట ఎదురుగా టీకొట్టు కాడ చేరతారు, వాళ్ళనడుగు" అని ఎవరో దారి చూపించారు. అక్కడ ఆపాం కథ.

సినిమా పిచ్చి ఉన్నవాడికి హీరో కావాలి, క్రికెట్ పిచ్చి ఉన్నవాడికి స్కోరు కావాలి. ఈ పిచ్చివాళ్ళకు కావలసింది రైలు పెట్టెల రంగు. విచిత్రమేమిటంటే వీళ్ళు రైలెక్కి ఎక్కడికీ పోరు. ఎండలో ప్లాట్‌ఫాం చివర నిలబడి, వచ్చేదాన్నీ పోయేదాన్నీ ఫోన్లో పట్టుకుని, సాయంత్రం దాకా వాట్సాప్ గ్రూపులో కొట్టుకుంటారు. ఆ వేళ కొట్టు దగ్గర ఇద్దరే ఉన్నారు. ఒకాయన ఎడ్విన్, ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాడు, చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, తెల్లచొక్కా మడత నలగలేదు. రెండోవాడు రాజశేఖర్, ఎరువుల కొట్టు యజమాని. పెద్ద గొంతు. గ్రూపు పెట్టింది ఎడ్విన్ అయినా దాన్ని అల్లకల్లోలం చేసేది రాజశేఖర్.

సుష్మ తానెవరో చెప్పలేదు. చెబితే నిజం దాస్తారేమోనని భయం.

"అన్నా, శనగ కోతలప్పుడు ఒక శుక్రవారం కోవెలకుంట్ల దిక్కు సాయంత్రం బండి రద్దయింది కదా. ఆ పొద్దు ఆ లైను మీద పోయింది ఏందన్నా?" అని అడిగింది.

అడగడమే ఆలస్యం, రాజశేఖర్ మొహం వెలిగిపోయింది. ఒక ఆడపిల్ల వచ్చి ఇలాంటి ప్రశ్న అడగడం వాళ్ళ పిచ్చి చరిత్రలోనే మొదటిసారి.

"ఎర్ర రేక్ మా! కొత్త పెట్టెలు. మన లైను మీద మొట్టమొదట వచ్చింది ఆ పొద్దే."

"ఎర్రది యాడిది రాజశేఖరా?" అన్నాడు ఎడ్విన్ నెమ్మదిగా. "నీలం పెట్టెలే. పాతవి. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

"సార్, నేను కండ్లార చూసినా. కోవెలకుంట్ల నుంచి వస్తా వస్తా రైలు గేటు కాడ నిలబడి చూసినా."

"నువ్వు చూసింది ముందు పెట్టె. ఒక్క పెట్టె ఎర్రగుంటే రేకంతా ఎర్రదవుతాదా?"

రేక్ అంటే వాళ్ళ భాషలో పెట్టెల వరస. ఇంజను మారుతుంది, నంబరు మారుతుంది, ఆ వరస మాత్రం విడిపోకుండా కలిసి తిరుగుతుంది. పొద్దున ఒక నంబరుతో ఒక ఊరికి పోయిన వరసే మధ్యాహ్నం ఇంకో నంబరు తగిలించుకుని ఇంకో ఊరికి పోతుంది. ఏ వరసను ఏ బండికి కట్టారు, ఏ బండిని ఎటు మళ్ళించారు అన్నది వీళ్ళకు తిండి కన్నా ముఖ్యం. అందులోనూ ఈ గొడవకు ఒక కారణం ఉంది. డోన్ వైపు పోయే బండికి కొత్త ఎర్ర పెట్టెలిచ్చి, కోవెలకుంట్ల లైనుకు పాత నీలం పెట్టెలు వదిలేశారని వీళ్ళ బాధ. ఆ శుక్రవారం నాడు ఎర్ర రేక్ ఈ లైను మీద ఒక్కసారి పోయిందని రుజువైతే, ఒకసారి పోయింది రోజూ ఎందుకు పోకూడదని అర్జీ పెట్టుకోవచ్చు. అందుకని రాజశేఖర్‌కు అది ఎర్రగా ఉండి తీరాలి. ఎడ్విన్‌కు నిజం కావాలి, ఆయన లెక్కల మేష్టారు.

"గేటు దాటి వంతెన దిక్కు ఎట్ల పోయిందనుకుంటాండావ్ మా!" రాజశేఖర్ చెయ్యి చాచి గాలిలో నున్నగా జరిపి చూపించాడు. "పాత పెట్టెలైతే గడగడ గడగడ. ఇది చప్పుడే లేదు. నీళ్ళ మీద తేలినట్ల పోయింది."

సుష్మ ఆ చేతివైపే చూస్తూ కూర్చుంది. నాయన శవాన్ని ఆస్పత్రి నుంచి తెచ్చినప్పుడు ముఖం తప్ప అంతా గుడ్డ చుట్టి ఇచ్చారు. విప్పి చూడనివ్వలేదు.

"చప్పుడు లేదా అన్నా?"

"లేదు మా. అదే దాని గొప్ప."

"అందుకే వినపడలేదేమో" అంది సుష్మ.

రాజశేఖర్‌కు అర్థం కాలేదు. ఎడ్విన్ మాత్రం గ్లాసు కింద పెట్టి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ పొద్దు వంతెన మీద ఎవరో పడినారు కదా" అన్నాడు మెల్లగా.

"ఆ, ఎవరో రైతంట" అన్నాడు రాజశేఖర్. "కావాలనే పడినాడంట. దాంతో రేక్ ఆడనే నిల్చిపోయి, డోన్ పోవల్సిన బండి ఆలస్యం..."

"ఆ బండి కింద పడింది మా నాయనన్నా."

ఈ మాట సుష్మ గట్టిగా అనలేదు. అయినా పక్క బల్ల మీద టీ తాగుతున్న ఆటో అతను కూడా తలెత్తి చూశాడు. రాజశేఖర్ చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏం మాట్లాడాలో తెలియని మనిషి నోటికి అలవాటైన మాటే వస్తుంది. ఆయనకూ అదే వచ్చింది.

"అది బండి కాదు మా. ఆ పొద్దు బండి లేదు. రద్దు. అది ఉత్త రేక్."

"మా నాయన మీద పోయింది ఏందన్నా మరి?"

"రేక్ మా. ఖాళీ రేక్. జనాలు ఎక్కరు దాంట్లో. దానికి నంబరుండదు. ఇంకో ఊర్లో ఇంకో బండికి కావల్సొచ్చి ఊరికే తీసకపోతాంటారు. అది బండి లెక్కలోకి రాదు."

ఎవరి మీదా కోపంతో అన్న మాట కాదది. ఆయన నమ్మకమే అది. వాళ్ళ లోకంలో బండి అంటే నంబరు, వేళ, ఎక్కే జనం. ఆ మూడూ లేకపోతే పట్టాల మీద పర్వతమే కదిలివచ్చినా బండి లేనట్టే. చెన్నకేశవులు లోకంలో బండి అంటే పట్టాల మీద వచ్చేదేదైనా బండే. ఒకే తెలుగు, ఒకే మాట. ఒకరు అడిగిందానికీ ఒకరు చెప్పిందానికీ మధ్య ఒక మనిషి నలిగిపోయాడు. సుష్మకు ఇది అక్కడికక్కడే తెలిసిపోయింది. తెలిసిన మరుక్షణం ఆమెకు ఏడుపు రాలేదు, సంతోషం వచ్చింది. అమ్మ మాట కాదు! అమ్మ మాట కానే కాదు!

"అన్నా, బండి లేదని మా నాయనకు ఎవరో చెప్పినారు. ఆయనకు మీ గ్రూపుల్లేవు, బటన్ల ఫోనాయనది. మీలో ఎవరు చెప్పినారో నాకు తెలియాల. కొట్లాడేదానికి రాలేదు నేను. మా ఇంటికొచ్చి మా అమ్మ ముందర ఒక్కసారి ఆ మాట చెప్తే చాలు. ఆమె అన్నం తిని ఎన్నాళ్ళయిందో మీకు తెల్దు."

రాజశేఖర్ తల అడ్డంగా ఊపాడు. "మేమెవరికి చెప్తాం మా? మా మాటలు మాలో మాకే. ఇంట్లోవాళ్ళే వినరు."

"మీ నాయనది ఏ ఊరమ్మా?" అన్నాడు ఎడ్విన్.

"చేను కోవెలకుంట్ల దిక్కు. మేముండేది ఆళ్ళగడ్డ."

ఎడ్విన్ గ్లాసు పక్కకు జరిపాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. గ్రూపు తెరిచి వెనక్కి, ఇంకా వెనక్కి జరుపుతూ పోయాడు. రాజశేఖర్‌కు ఏదో తట్టినట్టుంది, "సార్, వద్దు సార్, ఇప్పుడెందుకు" అని అడ్డం పడబోయాడు. ఎడ్విన్ వినలేదు.

"ఆళ్ళగడ్డ నుంచి మా గ్రూపులో ఒక్కడే ఉండె" అన్నాడు. "ఆళ్ళగడ్డ జంక్షన్ అని పేరు పెట్టుకున్యాడు. ఆ ఊరికి పట్టాలే లేవు కదా, అందుకు తమాషాకి పెట్టుకున్యాడు. ఆ శుక్రవారం రాత్రే గ్రూపులోంచి వెళ్ళిపోయినాడు. పనెక్కువైందేమోలే అనుకున్యాం. ఆ పొద్దున ఒక మాట అడిగినాడమ్మా. గొంతుతో పంపినాడు."

ఆయన వేలు తెర మీద పడింది. రోడ్డు మీద బస్సు హారన్ల మధ్య ఆ గొంతు కొంచెం బొంగురుగా, నిద్ర తీరని హుషారుతో పలికింది.

"ఎడ్విన్ సార్, మా నాయన అడుగుతాండాడు. ఈ పొద్దు సాయంత్రం కోవెలకుంట్ల బండి ఉండాదా?"

సుష్మకు రెండోసారి వినాల్సిన అవసరం లేకపోయింది. చిన్నప్పుడు ఆ గొంతుతోనే ఆమెను ఏడిపించేవాడు, ఆ గొంతుతోనే బడి దాకా తోడొచ్చేవాడు. సురేష్. ఆమె అన్న. శిల్పాల కార్ఖానాలో రాతికి నునుపు పెడుతూ, ఖాళీ దొరికితే ఫోన్లో రైళ్ళ వీడియోలు చూసుకునే అన్న. అతనికి ఆ పిచ్చి ఉందని ఆమెకు తెలుసు. దినాలయ్యాక ఒకసారి అడిగింది కూడా, నీకేమన్నా తెలుసునా అన్నా, ఆ పొద్దు ఏ బండి పోయిందో అని. "నాకేం తెల్సు? అమ్మనడుగు!" అని కసిరి లేచి వెళ్ళిపోయాడు. తల్లి మీది కోపమనుకుంది అప్పుడు.

ఎడ్విన్ తన జవాబు చూపించాడు. "లేదు. రద్దు." రెండే మాటలు.

"నేనే" అన్నాడు. "బండి లేదని చెప్పింది నేనమ్మా."

సుష్మ ఆయన వైపు చూడలేదు. తెరను ఇంకొంచెం పైకి జరిపింది. ఆ మధ్యాహ్నం రాజశేఖర్ పెట్టిన కబురు కనబడింది. కోవెలకుంట్ల లైను మీదుగా ఖాళీ రేక్ వస్తోందనీ, ఎర్ర పెట్టెలనీ, చూడగలిగినవాళ్ళు చూడండనీ. దాని కింద ఆళ్ళగడ్డ జంక్షన్ జవాబు: "సూపర్ అన్నా!"

అంటే తెలుసు. పట్టాల మీద ఏదో వస్తోందని సురేష్‌కు మధ్యాహ్నమే తెలుసు. తెలిసీ నాయనకు ఫోన్ చేయలేదు. చంపాలని కాదు, మరిచిపోయీ కాదు. నాయన అడిగింది బండి గురించి, దానికి జవాబు పొద్దున్నే చెప్పేశాడు. వస్తున్నది బండి కాదు కదా, రేక్ కదా! పాపం, ఆ ముక్క తలకెక్కేసరికి సాయంత్రమై ఉంటుంది. ఆ సాయంత్రం నుంచి ఇప్పటిదాకా ఆ కుర్రాడు లోపల ఏమై ఉంటాడో ఆలోచిస్తే మనకే ఊపిరాడదు. కానీ అదంతా మోసుకెళ్ళి కన్నతల్లి నెత్తిన పెట్టాడే, ఆ పనికి మాత్రం ఏ పేరు పెట్టాలో సుష్మకు తోచలేదు. చెంపలు పగలగొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

బల్ల మీంచి లేచి పక్కన మూసి ఉన్న కొట్టు అరుగు దగ్గరికి నడిచింది. ఇప్పుడు ఆమె చేతిలో అమ్మను లేపగలిగే మాట ఉంది. ఆ మాట చెప్పాలంటే కొడుకు పేరు చెప్పాలి. పేరు చెప్పకుండా చెబితే? ఎవరో చెప్పారు, ఎవరో నంద్యాల మేష్టారు చెప్పాడు అంటే సరిపోతుంది కదా. అదేమీ అబద్ధం కాదు కూడా. అనుకున్నదే తడవుగా అమ్మకు ఫోన్ చేసింది.

ప్రమీలమ్మ ఈ మధ్య ఫోన్ ఎత్తుతుంది గానీ మాట్లాడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊరుకుంటుంది. ఆ వేళ కూడా అంతే, అవతల ఊపిరి చప్పుడు మాత్రమే వినబడింది.

"అమ్మా, నేను. నంద్యాలలో ఉండా. నీ మాట వల్ల కాదమ్మా. నాయన చావాలని పోలేదు. ఎవరో ఆయనకు బండి లేదని చెప్పినారు. అది నమ్మి పోయినాడు. వింటాండావా? నువ్వు చేసిందేం లేదమ్మా. ఇంగ లేసి ఒక ముద్ద తిను."

అవతల, వాడకుండా పెట్టిన తలుపు తెరిచినట్టు, గొంతు కీచుమంది.

"తెల్సు పాపా."

సుష్మ అరుగు మీద కూలబడింది.

"ఆ పొద్దున నా ముందరే కదా మీ నాయన మనోనికి ఫోన్ చేసింది" అంది ప్రమీలమ్మ. ఒక్కో మాటకూ ఆగుతోంది. "బండి లేదంట, మనోడే కనుక్కోని చెప్పినాడని నవ్వుకుంటా చెప్పులేసుకున్యాడు. బండి లేకున్యా వంతెన మీద వద్దని నేను కొట్లాడితి. ఇనలా. బండి లేకపోతే పట్టాల మీదనే పండుకో పో అంటి. సగం మాట వీధిలో పడింది."

"మరి చెప్పొచ్చు కదమ్మా! అందరూ నిన్ను అన్ని మాటలంటాంటే గమ్మునెందుకుండావ్? వాడు... వాడే అన్నాడు కదమ్మా నిన్ను, అందరి ముందర!"

'వాడు' అనేసిన తర్వాత గానీ, తను దాచాలనుకున్న పేరు అమ్మకు ముందే తెలుసని సుష్మకు తట్టలేదు. ప్రమీలమ్మ అదేమీ పట్టించుకోలేదు.

"అననీ పాపా. నన్ను తిట్టుకుంటా వాడు బతుకుతాండాడు. నేను కాదని తేలిపోతే, తిట్టుకునేదానికి వానికి ఇంకెవరుండారు? వాడే కదా ఉండేది. మొన్న రాత్రి లేసి చూస్తే పడక మీద లేడు. పెరట్లో నిలబడి ఉండాడు, ఊరికే. ఏందిరా అంటే పలకలా. నాయన పాయ, ఇంగ వాడన్నా ఉండాల నాకు." కాస్త ఆగింది. "నువ్వు ఆ మాట నంద్యాలలోనే పడేసి రా. వచ్చినాక ఇద్దరం తిందాం. తింటాలే, ఒట్టు."

సుష్మ కొంగుతో నోరు మూసుకుంది. ఇన్నాళ్ళూ అమ్మ చేయని తప్పుకు కుమిలిపోతోందని అనుకుంది తను. అమ్మ ఆ తప్పును తెలిసి తెలిసి మీద వేసుకుని, కొడుక్కు అడ్డంగా పడుకుంది. ఎంత గుండె కావాలి దానికి! తను దాన్ని బయటికి లాగడానికి బస్సెక్కి వచ్చింది.

"సరే మా" అంది. "ఎవరికీ చెప్పను. వచ్చేస్తాండా."

అప్పుడే అమ్మ ఫోన్లోంచి, వెనక ఎక్కడో, ఇంకో ఫోన్ మోగడం వినబడింది.

"వానిది" అంది ప్రమీలమ్మ. "ముందరింట్లో ఉండాడు."

సుష్మ తల తిప్పింది. టీకొట్టు బల్ల మీద ఎడ్విన్ ఒక్కడే తల పట్టుకుని కూర్చున్నాడు. పక్కన రాజశేఖర్ లేడు. రోడ్డుకు అవతల, ఆటోల వెనక నిలబడి, చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఉన్నాడు. ఆయన ముఖంలో చెడ్డతనం ఏమీ లేదు. స్నేహితుడి నాయన చనిపోతే పలకరించలేదే అన్న దిగులు ఉంది, నీ చెల్లెలికి అంతా తెలిసిపోయిందిరా అని ముందే చెప్పి పుణ్యం కట్టుకోవాలన్న తొందర ఉంది.

"రాజశేఖరన్నా! వద్దన్నా! చెప్పొద్దు!"

ఆమె అరుస్తూ రోడ్డు మీదికి ఉరికింది. ఒక లారీ అడ్డం వచ్చి హారన్ మోగిస్తూ నిలబడిపోయింది. చేతిలో ఫోన్ ఇంకా చెవికే ఉంది. అందులో అమ్మ "రే సురేషా, ఎత్తొద్దురా" అనడం, మంచం కిర్రుమనడం వినబడ్డాయి. ఆ వెనకనే, ముందరింట్లోంచి, అన్న గొంతు మామూలుగా పలికింది.

"ఆ, చెప్పన్నా."